వైకాసిలో పుట్టినవాడు

మా విభాగానికి మనుషులు రారు. మనుషుల్లోంచి తీసిన ముక్కలు వస్తాయి. అపెండిక్స్ వస్తుంది, పిత్తాశయం వస్తుంది, ఒక్కోసారి మోకాలి కింది కాలు కూడా వస్తుంది. వాటి యజమాని మాత్రం పైన వార్డులో పడుకొని, ఇడ్లీలోకి సాంబారు నీళ్లలా ఉందని గొడవ పెట్టుకుంటూ ఉంటాడు. నేను పాథాలజీ తీసుకున్నానని తెలిసినప్పుడు అమ్మ అన్నం ముందు కూర్చొని లేచిపోయింది.

"డాక్టరంటే చెయ్యి పట్టుకొని నాడి చూడల్ల గదరా. నువ్వేంది, బకెట్లో చెయ్యి పెడతావు?"

"బకెట్లో ఉండేటివి రోగుల మాదిరి ఫోన్లో చదువుకోనొచ్చి నాకు పాఠం చెప్పవు మా" అన్నాను. అమ్మ నవ్వలేదు. మా ఇంట్లో నా జోకులకు నవ్వేది అక్క ఒక్కతే. అది కూడా అమ్మ వంటింట్లోకి పోయాక.

ఇల్లు తిరుత్తణిలో, పని తిరువళ్లూరులో. ఆ ఆసుపత్రిలో రోజూ కాన్పులు జరుగుతాయి. బిడ్డకో తల్లికో ఏదైనా తేడా అనిపిస్తే, మాయనూ బొడ్డుతాడునూ ఫార్మలిన్ పోసిన బకెట్లో వేసి మాకు కిందికి పంపుతారు. బొడ్డుతాడును అడ్డంగా కోస్తే ఒక ముఖం కనిపిస్తుంది. రెండు ధమనులు రెండు కళ్లు, ఒక సిర తెరిచిన నోరు. తొమ్మిది నెలలు లోపల చల్లగా ఉండి, తలుపు తెరవగానే తిరువళ్లూరు బస్టాండు చూసినవాడి ముఖం.

ఆ మూడు గొట్టాల చుట్టూ తెల్లటి జిగురు ఉంటుంది. మైక్రోస్కోపు కింద ఆ జిగురు ఎండాకాలం మధ్యాహ్నం తాలూకా ఆఫీసులా ఉంటుంది. అక్కడొకరు, ఇక్కడొకరు, ఎవరూ కదలరు. అలా ఉంటే మంచిది. కడుపులో బిడ్డ చుట్టూ ఉండే నీటికి క్రిములు సోకినప్పుడు బిడ్డ రక్తంలోని తెల్లకణాలు ఆ నీటివైపు బయలుదేరతాయి. ముందు సిర గోడలోకి వస్తాయి, తర్వాత ధమనుల గోడల్లోకి, ఆ తర్వాత జిగురులోకి. బొడ్డుతాడుకు వచ్చే ఆ వాపును ఫ్యూనిసైటిస్ అంటాం. కణాలు ఎంత దూరం వచ్చాయో చూస్తే, ఎంతసేపటి నుంచి నడుస్తున్నాయో ఉజ్జాయింపుగా తెలుస్తుంది. మాయ పొరల్లో కనిపించేవి తల్లి కణాలు, తాడులో కనిపించేవి బిడ్డ కణాలు. ఇది మౌఖిక పరీక్షలో తప్పకుండా అడిగే ప్రశ్న. నేను సరిగ్గానే చెప్పాను.

ఈ పాఠమంతా ఎందుకంటే, మా అక్క కొడుకు సంగతి ఇది లేకుండా చెప్పలేను. వాడు బతికినన్నాళ్లూ వాడి గురించి అందరూ ఏదో ఒకటి చెప్పారు. వాడు తన గురించి తాను చెప్పుకున్నది ఆ తాడులోనే ఉంది.

అది కత్తిరి ఎండల కాలం. పొద్దున్నే ఆసుపత్రి గేటు ముందు టీ తాగుతుంటే మా వీధిలోవాళ్ల కారు వచ్చి ఆగింది. వెనక సీట్లో అక్క, మెడదాకా దుప్పటి కప్పుకొని వణుకుతోంది. చెప్పు తారుకు అతుక్కుపోయే ఆ ఎండల్లో దుప్పటి. ముందు సీట్లోంచి అమ్మ దిగింది.

"ఏం మా, ఫోనన్నా చెయ్యలేదే?"

"నొప్పులొచ్చినాయిరా. నీళ్లు పోయినాయి. బిరబిరా ఎత్తుకోనొచ్చేస్తిమి."

"నీళ్లు ఎప్పుడు పోయినాయి?"

"ఇయ్యాల తెల్లారి."

కాన్పుల డాక్టరమ్మ అడిగినా అమ్మ అదే చెప్పింది. అక్కను అడిగితే పళ్లు కొట్టుకుంటున్నాయి తప్ప మాట రాలేదు.

తొలి కాన్పు పుట్టింట్లో కావాలి కాబట్టి, సీమంతం కాగానే అక్కను మా ఇంటికి తెచ్చుకున్నాం. మెట్టినిల్లు ఆర్.కె.పేట దగ్గరి పల్లె. ఆర్.కె.పేటలోనే ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెబుతుంది. బావ కాట్టుపల్లి రేవులో కాంట్రాక్టు పని చేస్తాడు, సెలవు దొరికితే ఇంటికొస్తాడు. మా నాయన పోయి చాలాకాలమైంది. కాన్పులకూ, కరెంటు పోతే లైన్‌మన్‌ను తిట్టడానికీ, నాకు వచ్చిన సంబంధాలను తిప్పి పంపడానికీ మా ఇంట్లో అధికారం అమ్మదే.

వెంటనే ఆపరేషన్ చేశారు. మగబిడ్డ. నెలలు నిండటానికి ఇంకా మూడు వారాలున్నాయి, అయినా మంచి బరువే. తాడు మెడ చుట్టూ ఒక చుట్టు వదులుగా ఉంటే, డాక్టరమ్మ సన్మానసభలో దండ తీసేసినంత తేలిగ్గా తల మీదుగా తీసేసింది. చాలామంది పిల్లలు అలాగే పుడతారు, ఏమీ కాదు. వాడు ఏడ్చాడు. కానీ ఎవరో బలవంతపెడితే మొహమాటానికి ఏడ్చినట్టు, ఒకసారి. జ్వరం తల్లికీ ఉంది, బిడ్డకీ ఉంది. పిల్లల వార్డులో గాజుపెట్టెలో పడుకోబెట్టారు.

ఈ సంగతి చెప్పగానే అమ్మ చేసిన మొదటి పని, రిసెప్షన్ గోడ మీద ఉన్న క్యాలెండరు దగ్గరకు వెళ్లి నిలబడటం.

"వైకాసి పుట్టేసింది" అంది. "వైకాసి పుట్టినాకనే వాడూ పుట్టినాడు. సామి చల్లగా చూసినాడు."

అది అర్థం కావాలంటే మా ఇంటి భయం ఒకటి చెప్పాలి. మేము తెలుగువాళ్లం. ఉగాది పచ్చడి తింటాం. కానీ ఎన్నో తరాలుగా ఈ నేల మీద ఉండటంతో అరవ నెలలు కూడా మావే అయ్యాయి. రెండు పంచాంగాల పండుగలూ మాకే, రెండింటి భయాలూ మాకే. వైకాసికి ముందు వచ్చే చిత్తిరై నెలలో మగబిడ్డ పుడితే ఇంటిపెద్దకు కీడు అంటారు. కొత్త జంటను ఆడి నెలలో విడదీసేది కూడా, చిత్తిరైలో బిడ్డ పుట్టకూడదనే. అమ్మకు ఒక తమ్ముడున్నాడు. చిత్తిరైలో పుట్టాడు. ఆ ఏడాదే వాళ్ల నాయన బావిలో మోటారు రిపేరు చేస్తూ కరెంటు కొట్టి చచ్చిపోయాడు. మోటారును ఎవరూ ఏమీ అనలేదు. ఆ మామను మాత్రం ఇంటిని మింగినోడు అంటూ పెంచారు. ఇప్పుడు పూండి వైపు వ్యవసాయం చేసుకుంటున్నాడు. ఏ పెళ్లికి పిలిచినా ఆఖరి వరుసలో కూర్చొని, భోజనం చేసి, ఫోటోకు నిలబడకుండా వెళ్లిపోతాడు. అమ్మ చిన్నప్పుడు ఆయన్ను చంకనెత్తుకొని తిరిగిన మనిషి.

అందుకని అమ్మ క్యాలెండరు చూసుకొని మురిసిపోతే నాకు తప్పుగా తోచలేదు. ఆమెకు వైకాసి ఉంది, మాకు యాంటీబయాటిక్ ఉంది, ఎవరిది వాళ్లు చూసుకుంటున్నాం అనుకున్నాను.

మధ్యాహ్నానికి బావ వాళ్లమ్మ బస్సు దిగి వచ్చింది. చేతిలో సంచీ, సంచీలో నువ్వులనూనె సీసా, ఇత్తడి గిన్నె. నన్ను చూడగానే చెయ్యి అడ్డంపెట్టింది.

"నువ్వు ఆ వార్డు దిక్కు పోవద్దు నాయనా. వాడు కొడి సుత్తుకోని పుట్టినాడంట."

కొడి అంటే బొడ్డుతాడే. అది మెడకు చుట్టుకొని పుట్టిన బిడ్డను మేనమామ నేరుగా చూడకూడదు, చూస్తే మామ ప్రాణానికి గండం. ముందు నూనెలో నీడ చూడాలి.

"ఒక సుత్తే అత్తా. మఫ్లరు మాదిరి ఏసుకున్నాడు."

"ఎగతాళి జెయ్యొద్దు. మీయమ్మకి నువ్వొక్కడివే."

నేను వాణ్ని అప్పటికే చూసేశాను. ఆపరేషన్ గదిలోంచి తీసుకుపోతుంటే పక్కనే నడిచాను. నుదురు బావది, చెవులు మా అక్కవి, పాపం. కానీ ఆ మాట చెబితే గండానికి ఇంకో పూజ కలుస్తుందని ఊరుకున్నాను.

నూనెగిన్నెతో పిల్లల వార్డులోకి పోబోతే సిస్టర్ తలుపు దగ్గరే ఆపేసింది. "ఇదేమన్నా వంటిల్లా అవ్వా?" అని అరవంలో అరిచింది. అంతలో బావ కాట్టుపల్లి నుంచి వచ్చాడు, కాళ్లకు సేఫ్టీ బూట్లు కూడా విప్పకుండా. తల్లి మాట కాదనలేడు, సిస్టరునూ ఎదిరించలేడు. కాసేపు ఆలోచించి, తాను లోపలికి పోయి ఫోన్లో ఫోటో తీసుకొచ్చాడు.

"మా, గిన్నె ఈడ పట్టుకో. ఫోను నేను పైన పట్టుకుంటాను. రేయ్ బామ్మర్దీ, నువ్వు నూనెలోకి చూడు."

వరండాలో బెంచీ మీద నూనెగిన్నె. దాని పైన బావ ఫోను. నేను వంగి నూనెలోకి చూశాను. నూనెలో ముందు ట్యూబులైటు కనిపించింది, తర్వాత నా ముక్కు కనిపించింది, తర్వాత ఫోను చీకటైపోయింది.

"తెలిసినాడా, కనపడినాడా?" అంది అత్త.

"లాక్ పడింది అత్తా."

బావ నవ్వాడు. అమ్మ కూడా కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. రెండోసారి కనిపించాడు. బంగారురంగు నూనెలో, ముక్కులో గొట్టంతో, కళ్లు మూసుకొని. ఎవరూ నవ్వలేదు. అత్త గిన్నె తీసుకెళ్లి బయట మొక్కల్లో పారబోసింది.

వాడు మూడు రోజులు ఆ పెట్టెలోనే ఉన్నాడు. రెండోరోజు కొంచెం నయమనిపించింది. నాలుగో పొద్దున పిల్లల డాక్టరు నన్ను మాస్కు తీసేసి పలకరించాడు. మాస్కు తీసేశాడంటేనే నాకు తెలిసింది.

అక్కకు ఆ మాట బావ చెప్పాడు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. ఆమె ఏడుస్తుందని ఎదురుచూశాను. ఏడవలేదు. బావ చెయ్యి పట్టుకొని అడిగింది.

"కొడి బిగుసుకోనిందా?"

బావకు ఏం తెలుసు? నావైపు చూశాడు. జవాబు అత్త ఇచ్చింది. గట్టిగా అనలేదు, తిట్టలేదు. అప్పుడే తెలిసిన సంగతిలా, నెమ్మదిగా అంది.

"నేను సీమంతం నాడే చెప్పితిని గదమ్మా. చేతులు పైకెత్తి బట్టలు ఆరేయొద్దు, తల్లి చేతులెత్తితే లోపల కొడి బిడ్డకి సుత్తుకుంటాదని. నువ్వు వినవు. చదువుకున్నదానివి."

అక్క నిజంగానే బట్టలు ఆరేసింది. బావ యూనిఫారాలు, బరువైనవి, మిద్దె మీద తీగ మీద. సైన్సు టీచరు గనక అదంతా సుమ్మా మాటలని, వట్టివని ఆమెకు తెలుసు. మూడు రోజుల బిడ్డ పోయినప్పుడు ఎవరికి ఏం తెలుసో నేను చెప్పలేను.

"తాడుకీ దీనికీ సంబంధం లేదక్కా. రిపోర్టు రానీ" అన్నాను.

"నువ్వు ఊరికే నన్ను ఓదార్చొద్దురా."

నిజానికి నా దగ్గర అప్పుడు ఓదార్పు తప్ప ఏమీ లేదు. మాయ ఇంకా బకెట్లోనే ఉంది. ఆ వారం మా విభాగంలో పని ఎక్కువై బల్ల మీదికి రాలేదు.

మర్నాడు వచ్చింది. మూత మీద అతికించిన చీటీలో అక్క పేరు. గ్లవ్స్ తొడుక్కుంటుంటే మా మేడమ్ వచ్చి బకెట్టు తన ముందుకు జరుపుకుంది. ఆమె మాట్లాడేది అరవం, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

"మీ ఇంటి ముక్క నువ్వు కోయకూడదు తంబీ. పక్కన నిలబడు. లేదా పోయి టీ తాగు."

టీ తాగడానికి వెళ్లలేదు. మేడమ్ మాయను బయటికి తీసి బల్ల మీద పరిచింది. పొరలు అద్దంలా ఉండాలి. మసకబారి, పాలు విరిగినట్టు ఉన్నాయి. తాడు తెల్లగా మెరవలేదు, లోపల పసుపుచార. మేడమ్ తాడంతా వేలితో తడిమింది. ముడి లేదు, నొక్కుకుపోయిన గుర్తు లేదు, గడ్డకట్టిన రక్తం లేదు. తర్వాత మూడుచోట్ల అడ్డంగా కోసింది. అదే ముఖం, మూడుసార్లు. నేను విద్యార్థులకు చూపించి నవ్వించే ముఖం.

"బస్టాండు చూస్తున్నాడు మేడమ్" అన్నాను. ఎందుకన్నానో తెలియదు. మేడమ్ కత్తి పక్కనపెట్టి నా భుజం మీద మోచేత్తో ఒకసారి తట్టింది, చేతులు తడిగా ఉన్నాయి గనక.

స్లైడ్లు తయారైన రోజు మేడమ్ నన్ను పిలిచి తలుపు వేసింది.

"రిపోర్టు నేనే సంతకం పెడతాను. చూడాలనుకుంటే చూడు. ఫ్యూనిసైటిస్. సిరలో ఉన్నాయి, రెండు ధమనుల్లోనూ ఉన్నాయి, జిగురులోకీ వచ్చేశాయి. మాయ పొరల్లో తల్లి కణాలు కూడా నిండిపోయి ఉన్నాయి. తాడు చుట్టుకోవడం వల్ల ఏమీ కాలేదు." కేస్ షీటు నావైపు తిప్పింది. "కేస్ షీటులో నీళ్లు ఆ తెల్లవారే పోయాయని ఉంది. ఇది ఒక పొద్దులో వచ్చే వాపు కాదు తంబీ. లోపల ఒక రోజుకు పైనే పోట్లాట జరిగింది. మీ ఇంట్లో అడుగు."

చూశాను. తాలూకా ఆఫీసులో ఆరోజు జనం కిక్కిరిసి ఉన్నారు. ఊదారంగు చుక్కలు, ఒక్కోదానిలో కేంద్రకం రెండు మూడు తునకలు, సిర గోడను తోసుకొని బయటికి, నీళ్లవైపు. అన్నీ వాడివే. పేరు కూడా పెట్టని మనిషి, తనకున్న సైన్యమంతా పంపేశాడు. స్లైడు బాగుంది, రంగు బాగా పట్టింది. విద్యార్థులకు చూపించడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. ఈ మాట మనసులో అనుకున్నాక లేచి వెళ్లి ముఖం కడుక్కున్నాను.

కుట్లు చూపించుకోవడానికి అక్క ఆసుపత్రికి వచ్చిన రోజు, ఆమెను కిందికి తీసుకొచ్చాను. అలా తీసుకురావడం నిబంధనల్లో ఉందో లేదో నేను వెతకలేదు. ఆమె పిల్లలకు ఉల్లిపొర చూపించే టీచరు. మైక్రోస్కోపు ముందు కూర్చోవడం ఎవరూ నేర్పనక్కర్లేదు. కన్ను ఆనించి చాలాసేపు చూసింది.

"ఇవి?"

"తెల్లకణాలు. వానివే. నీళ్లకి క్రిములు సోకినాయి. వాటి మిందికి పోతా ఉండారు వీళ్లు."

"కొడి?"

"కొడి మంచిగుంది. నువ్వు బట్టలు ఆరేసినా, మిద్దె మింద కబడ్డీ ఆడినా దానికి ఒకటే. జరం తీసుకోనిపోయింది వాణ్ని."

ఆమె కన్ను తీయలేదు. ఫోకస్ మర కొంచెం తిప్పింది.

"ఎంతసేపు పోట్లాడినార్రా ఇంతదూరం వచ్చేదానికి?"

అడగకుండా ఉంటే బాగుండనుకున్న ప్రశ్న అదే. సైన్సు టీచరును మైక్రోస్కోపు ముందు కూర్చోబెడితే అది అడక్కుండా ఉంటుందా?

"ఒక దినం దాటింటాది. నీకు నీళ్లు ఎప్పుడు పోయినాయి అక్కా?"

"ఆ పొద్దున్నే గదా, కారెక్కక ముందు. ఒకటే పారి పోయినాయి." ఇప్పుడు కన్ను తీసింది. "అంతకు రెండు దినాల ముందు పొద్దుట్నించే తడి అయితానే ఉండింది. ఒంటికి పోతాందనుకున్నాను. అమ్మే చెప్పింది. తొమ్మిదో నెలలో అందురికీ అట్లే అయితాది, కాళ్లకింద దిండు పెట్టుకోని కదలకుండా పండుకో, రెండు దినాలు ఓర్సుకో అనింది."

ఆ రెండు రోజులు ఏమిటో ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. చిత్తిరైలో మిగిలిన రెండు రోజులు.

అక్క మైక్రోస్కోపు లైటు ఆపింది. బడిలో అలవాటు, పని అయిపోగానే ఆపేస్తుంది.

"అది ఒంటికి గాదని అమ్మకి తెలుసు గదా?"

"ఇద్దురు బిడ్డల్ని కన్నది. తెలిసే ఉంటాది."

సాయంత్రం ఇద్దరం లోకల్ రైల్లో తిరుత్తణికి బయలుదేరాం. పెట్టె నిండా పనులనుంచి తిరిగిపోయేవాళ్లు. ఒకడు నిలబడే నిద్రపోతూ అందరి మీదా సమానంగా వాలుతున్నాడు. అరక్కోణం దాటాక అక్క మాట్లాడింది.

"అమ్మని అడగొద్దు. నేనూ అడగను."

"మీ అత్త ఊరంతా నీ బట్టలతీగ కథ చెప్తా ఉంది. రేపు మళ్లీ కాన్పయితే ఇదే ఎత్తుతారు. కాన్పు దాకా ఎందుకు, నిన్ను పిల్చుకోనిపోతారో లేదో."

"చెప్పుకోనీ. నేను మోస్తాను. అమ్మకి తెలిస్తే ఆమె బతకదురా."

"అయితే రిపోర్టు?"

"నీ బ్యాగులోనే ఉండనీ."

నేను ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు. స్టేషను వచ్చింది, దిగాం.

ఆ ఆదివారం అత్తా బావా మా ఇంటికి వచ్చారు. మాట్లాడాలని ఫోను చేసి మరీ వచ్చారు. మా ఇళ్లల్లో ఫోను చేసి వచ్చారంటే మంచి మాట కాదు. అమ్మ టిఫిను చేసింది. దోశల మీద దోశలు పోస్తూనే ఉంది, ఎవరూ తినడం లేదు. చివరికి అత్త చెయ్యి కడుక్కొని మొదలుపెట్టింది.

"మీ బిడ్డ కొన్నాళ్లు ఈడనే ఉండనీ వదినా. మేము ఆర్.కె.పేటలో జోస్యుణ్ని అడిగినాము. జాతకంలో ఏందో ఉండాదంట. ఒక ఏడాది పోనీ, ఆమైన చూస్తాము. మావోడు కూడా కాట్టుపల్లి నుంచి ఊరికే రాలేడు."

"ఏడాదా?" అన్నాను.

బావ సేఫ్టీ బూట్లు లేకపోయినా, ఉన్నట్టే కాళ్లు బరువుగా పెట్టుకొని నేలచూపులు చూస్తున్నాడు. "మా, నేను ఆ మాట అన్లేదు" అన్నాడు, ఎవరికీ వినపడనంత గొంతుతో.

"నువ్వు అన్లేదు. నేను అంటాండాను. మాట వినని పిల్ల నాయనా ఇది. చేతులెత్తొద్దు అంటే ఎత్తింది. కొడి సుత్తుకోని ఒక ప్రాణం పోయింది. నెక్స్టు కూడా వినకపోతే?"

నా బ్యాగు కుర్చీ మీదే ఉంది. చెయ్యి పెట్టాను. అక్క నా చెయ్యి వైపు చూసి తల అడ్డంగా ఊపింది. ఆమెకు తాను మోయగలనన్న ధైర్యం ఉంది. కానీ ముఖం చూస్తే, ఏడాది అన్న మాట దగ్గరే ఆగిపోయినట్టుంది. ఆ ఇంట్లోంచి ఆమెను పంపేస్తే మళ్లీ ఎవరు రమ్మంటారో ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

పొయ్యి దగ్గర పెనం మీద దోశ మాడిన వాసన వచ్చింది. అమ్మ పొయ్యి ఆపేసి వచ్చి గడప దగ్గర నిలబడింది. చేతిలో అట్లకాడ అట్లాగే ఉంది.

"వదినా, కొడి గాదు. బట్టలూ గాదు. నీళ్లు రెండు దినాల ముందు పొద్దుట్నించే కారతా ఉండినాయి. నేను చూసినాను. నాకు తెలుసు అవి ఏ నీళ్లని. ఒంటికి అని దానికి అబద్ధం చెప్పినాను. డాక్టరమ్మకీ అబద్ధం చెప్పినాను."

బావ తలెత్తి చూశాడు.

"చిత్తిరై ఇంకా రెండు దినాలుండింది. నా తమ్ముణ్ని చూసినాను గదా నేను. ఎత్తుకోని తిరిగినాను. వాణ్ని పిలిచినట్ల ఈ బిడ్డనీ పిలస్తారని" అంది. అట్లకాడ కిందపెట్టి మళ్లీ ఎత్తుకుంది. "రెండు దినాలే గదా అనుకున్నాను. నా బిడ్డ తప్పేమీ లేదు. దాన్ని ఇడిసిపెట్టొద్దండి."

అమ్మకు రిపోర్టు సంగతి తెలియదు. ఆమెకు ఎవరూ ఏమీ చెప్పలేదు. ఆ తెల్లవారి అక్కకు వణుకు పుట్టినప్పటి నుంచీ ఆమె లోపల ఆ లెక్క ఉండే ఉంది. మేము స్లైడు చేసి, రంగు వేసి, మేడమ్ చేత సంతకం పెట్టించి కనుక్కున్నది, ఆమెకు దోశలు పోస్తున్నప్పుడూ తెలుసు.

అత్త ఏమంటుందోనని నేను కాచుకొని ఉన్నాను. అరిస్తే నాకు జవాబులున్నాయి, చాలా మంచివి, రైల్లోనే తయారుచేసుకున్నాను. ఆమె అరవలేదు. కొంగుతో మూతి తుడుచుకుంది, తిననే లేదు అయినా.

"నన్ను ఫోన్ జేసి అడిగుంటే" అంది, "నేనూ అదే చెప్పిందును వదినా. రెండు దినాలు ఆపమనే చెప్పిందును."

నేను తయారుచేసుకున్న జవాబులు ఒక్కటీ పనికిరాలేదు. ఆ గదిలో అమ్మా అత్తా ఒకరినొకరు చూసుకోవడం లేదు. ఒకరు చేశారు, ఒకరు చేసి ఉండేవారు. నేను బ్యాగులోంచి రిపోర్టు తీసి బావకు ఇచ్చాను. ఇంగ్లీషులో ఉంది. అతను మొదటి వరుస దగ్గరే ఆగిపోయి, మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. అక్కవైపు తిరిగాడు.

"పోదాం పా" అన్నాడు.

"ఇప్పుడేనా? కుట్లు ఇంకా పచ్చిగా ఉండాయి" అంది అమ్మ.

"నేను చూసుకుంటాను అత్తా."

అక్క లేచింది. బాలింత మూడు నెలలు పుట్టింట్లో ఉండాలని అమ్మే చెప్పేది, ఆ మాట ఇప్పుడు అనలేదు. అక్క గదిలోకి పోయి చీరలు సర్దుకుంది. అమ్మ గుమ్మం దాకా వెళ్లి, లోపలికి అడుగుపెట్టకుండా నిలబడింది. సంచీ తీసుకొని బయటికొచ్చినప్పుడు అక్క అమ్మ పక్కనుంచే నడిచింది. ఆగింది. తిట్టలేదు, కాళ్లమీద పడలేదు, భుజం మీద చెయ్యి వెయ్యలేదు. "మాత్రలు ఫ్రిజ్జి మింద ఉండాయి, తియ్యి మా" అంది. అమ్మ తీసి ఇచ్చింది. అంతే.

ఆటో వీధి మలుపు తిరిగేదాకా చూశాం. అక్కను తీసుకుపోయారు, మోయాల్సిన మాట ఆమె మీద నుంచి దిగిపోయింది. దిగిన మాట ఎక్కడికీ పోదు. సాయంత్రానికి ఎదురింట్లోవాళ్లు అమ్మను పలకరించే తీరు మారిపోయింది. వాళ్లకు ఎవరు చెప్పారో నేను కనుక్కోలేదు. మా వీధికి మైక్రోస్కోపు అవసరం లేదు.

నేను కూడా స్టేషనుకు బయలుదేరుతుంటే అమ్మ వాకిట్లో కూర్చొని ఉంది. నన్ను చూడకుండా మాట్లాడింది.

"మళ్లీ దానికి కడుపైతే నాకు చెప్పొద్దు నాయనా. ఈడికి తేవద్దు. నేరుగా నీ ఆసుపత్రికే తీసుకోని పో. పుట్టినాక చెప్పు."

"ఎందుకు మా?"

"నేను మళ్లీ నెల చూస్తాను" అంది. "చూడకుండా ఉండలేను."

సరే అన్నాను.